పాలిష్ వెండి ఫొటోలో నల్లగా, తెల్ల కాగితం బూడిదగా వస్తోంది. ఏం చేయాలి? (స్టాల్ సంగతి కూడా)

తీగమెలిక
వెండి తీగతో ఉంగరాలు, పెండెంట్లు, లోలాకులు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ఫొటోలు ఫోన్‌తోనే. మూడు చోట్ల తన్నుతోంది. పాలిష్ చేసిన వెండి సగం నల్లగా, సగం తెల్లగా మాడిపోయి వస్తోంది. తెల్ల కాగితం మీద పెడితే కాగితం బూడిద రంగులో పడుతోంది. దగ్గరికెళ్లి తీస్తే ఉంగరం ముందు భాగం ఉబ్బిపోయి, వెనక చిక్కిపోయి కనిపిస్తోంది. మంచి కెమెరా కొనాలా, లైట్ బాక్స్ (లోపల లైట్లుండే తెల్ల డబ్బా) కొంటే చాలా? త్వరలో ఒక ఎగ్జిబిషన్‌లో టేబుల్ పెడుతున్నా, అక్కడ ఎలా సర్దాలో తెలిసినవాళ్లు అది కూడా చెప్పండి.

కెమెరాకన్ను
ఏదీ కొనకండి ముందు. మీరు చెప్పిన మూడింట్లో ఒక్కటి కూడా కెమెరా తప్పు కాదు.

పాలిష్ వెండి అంటే అద్దమే. ఎదురుగా ఏది ఉంటే దాన్నే చూపిస్తుంది. నల్లగా కనపడేది మీ గది, మీ ఫోన్, మీ తల. మాడిపోయింది కిటికీయో బల్బో. కాబట్టి నగ మీద ఎంత వెలుతురు పడుతోందని కాకుండా, నగకి ఎదురుగా ఏం ఉందని చూసుకోవాలి.

నేరుగా ఎండ పడని కిటికీ పక్కన టేబుల్ వేయండి. గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. కిటికీకీ నగకీ మధ్య ట్రేసింగ్ పేపర్ నిలబెట్టండి, అది నగకి 15–20 సెంటీమీటర్ల దూరంలోనే ఉండాలి. కాగితం ఎంత దగ్గరుంటే నగకి అంత పెద్దగా కనిపిస్తుంది, వెలుగుకీ నీడకీ మధ్య గీత అంత మెత్తబడుతుంది. దూరంగా కిటికీ అద్దానికే అంటిస్తే ఈ లాభం పోతుంది. ఎదురు వైపు తెల్ల ఫోమ్ బోర్డు, పైన ఇంకో తెల్ల కాగితం. మిగిలేది మీ వైపు. ఏ4 సైజు తెల్ల అట్టకి ఫోన్ లెన్స్ పట్టేంత కన్నం కోసి, అందులోంచి తీయండి. వెండిలో అట్ట తెల్లగా పడుతుంది, లెన్స్ ఒక చిన్న చుక్కలా మాత్రమే మిగులుతుంది. ఉంగరాన్ని రెండు మూడు డిగ్రీలు తిప్పితే ఆ చుక్క కూడా పక్కకి జారిపోతుంది.

కాగితం బూడిదగా రావడం: ఫోన్ దేన్ని చూసినా మధ్యరకం బూడిద అనుకుని వెలుతురు లెక్క కడుతుంది. నగ మీద వేలు పెట్టి నొక్కి ఉంచితే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. ఆ తర్వాత సూర్యుడి గుర్తుని పైకి జరపండి, అంకెలు కనిపించే ఫోన్ అయితే +0.7 నుంచి +1 దాకా. నల్ల గుడ్డ మీద తీసేటప్పుడు దీనికి తలకిందులు, -0.7 నుంచి -1.

ఉబ్బడం: అది లెన్స్ వల్ల కాదు, దూరం వల్ల. 30–40 సెంటీమీటర్లు వెనక్కి వచ్చి 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్స్‌తో తీసి, తర్వాత క్రాప్ చేసుకోండి. కొన్ని ఫోన్లు దగ్గరికి వెళ్లగానే చెప్పకుండా అల్ట్రావైడ్ లెన్స్‌కి మారిపోయి మాక్రో (బాగా దగ్గరి ఫొటో) అంటాయి. సెట్టింగ్స్‌లో అది ఆపేయండి.

గాజుపూస
ఇంకోటి చేర్చండి. ఎర్ర చొక్కా వేసుకుని వెండి ఫొటో తీస్తే ఉంగరంలో కెంపు మీరే అవుతారు.

రాళ్లపిచ్చి
కెమెరాకన్ను చెప్పింది వట్టి వెండికి నూటికి నూరు పాళ్లు కరెక్ట్. రాయి ఉంటే మాత్రం ఆ పద్ధతిలో రాయి చచ్చిపోతుంది. ముఖాలు చెక్కిన రాయి మెరవాలంటే చిన్న, గట్టి వెలుగు కావాలి. చుట్టూ తెల్ల కాగితం కట్టేస్తే ప్రతి ముఖంలోనూ ఒకే తెలుపు పడుతుంది, రాయి గాజు ముక్కలా తేలిపోతుంది.

రెండూ కలపాలి. లోహానికి పైన చెప్పినట్టు మెత్తటి వెలుతురు, దానితో పాటు ఒక చిన్న ఎల్‌ఈడీ టార్చ్, ముందు ఏమీ అడ్డం లేకుండా, పక్క నుంచి కాస్త పైన. టార్చ్‌ని చేత్తో మెల్లగా జరుపుతూ స్క్రీన్ చూడండి, రెండు మూడు ముఖాలు భగ్గుమన్న చోట ఆపండి. అన్నీ ఒకేసారి మెరవాలని చూడొద్దు, మెరుపు పక్కన చీకటి ముఖాలు ఉంటేనే మెరుపని తెలుస్తుంది. టార్చ్ రంగు కిటికీ వెలుతురుకి దగ్గరగా ఉండాలి, 5000–5500 కెల్విన్.

రాయిని బట్టి మారుతుంది కూడా. లాబ్రడొరైట్, మూన్‌స్టోన్ ఒక్క కోణంలోనే వెలుగుతాయి, లైటు కదల్చకుండా నగని తిప్పి ఆ కోణం పట్టుకోవాలి. నక్షత్రం పడే నీలానికి ఒకే ఒక్క చుక్క వెలుగు నిలువుగా పైనుంచి కావాలి, మెత్తటి వెలుతురులో నక్షత్రం అసలు కనపడదు. ఓపల్‌కి ముదురు బ్యాక్‌గ్రౌండ్. ముత్యానికి మాత్రం టార్చ్ వద్దు. కిటికీ ఆకారంలో ఒక్క మెత్తటి మెరుపు చాలు, రెండు మూడు చుక్కలు పడితే ప్లాస్టిక్ పూసలా ఉంటుంది.

తీగమెలిక
పగలు కిటికీ దగ్గర కూర్చునే తీరిక లేదండీ, రాత్రిళ్లే తీయాలి. అందుకే లైట్ బాక్స్ అడిగాను.

డబ్బాలైటు
బాక్స్‌లో తప్పేం లేదు, అందులో వచ్చే లైటుతోనే తంటా. చిన్న మడత బాక్సుల్లో పైన ఎల్‌ఈడీ పట్టీ ఒకటి నగ్నంగా ఉంటుంది. ఉంగరం పైన ఆ ఎల్‌ఈడీలన్నీ వరసగా చుక్కలు చుక్కలుగా పడతాయి. పట్టీకి 4–5 సెంటీమీటర్ల కింద ట్రేసింగ్ పేపర్ కడితే చుక్కలు పోతాయి. పట్టీకే అంటిస్తే పోవు.

రెండోది రంగు. సీఆర్‌ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) తక్కువ ఉన్న ఎల్‌ఈడీలో ఎరుపు సరిగ్గా రాదు, కెంపు గోధుమ రంగుకి దిగుతుంది, రాగి మురికిగా ఉంటుంది. ఎక్కువ భాగం ఆకుపచ్చ ఛాయ కూడా కలుస్తుంది, వెండిలో అది వెంటనే బయటపడుతుంది. పెట్టె మీద సీఆర్‌ఐ 95 అని రాసినవి చూసుకోండి, కనీసం 90.

బాక్స్ లేకుండా కూడా పని జరుగుతుంది. రెండు టేబుల్ ల్యాంపులు, రెండింట్లో ఒకే కంపెనీ ఒకే మోడల్ బల్బులు, రెండు పక్కలా ట్రేసింగ్ పేపర్ ఫ్రేములు. బల్బు కాగితానికి 20–30 సెంటీమీటర్ల దూరం. మరీ ఆనించేస్తే మధ్యలో వేడి మచ్చలా తెల్లటి వలయం పడుతుంది, కాగితం పెద్దదైనా లాభం ఉండదు. రెండు వైపులా సమానంగా పెట్టొద్దు. ఒకటి దగ్గర, ఒకటి దూరం. సమానంగా పెడితే నగ బల్లపరుపుగా అయిపోతుంది.

కెమెరాకన్ను
పైదానికి ఒక్కటే సవరణ. రాత్రి తీసినా గదిలో ట్యూబ్‌లైటు ఆర్పాల్సిందే. రెండు రంగుల వెలుతురు కలిస్తే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే వచ్చేలా సర్దడం) ఎవరి తరమూ కాదు. ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు. ఒకదాన్ని సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి, ఆ వెలుతురులోనే బూడిద కార్డు పెట్టి ఒక ఫొటో తీసుకుని, మిగతా ఫొటోలన్నిటికీ అదే అన్వయించండి. వెండి పక్కన పసుపు రాయి ఉంటే ఆటో దాన్ని చూసి వెండిని నీలం చేసేస్తుంది.

నీలిమేఘం
ఇంత తతంగం ఎందుకు, లెన్స్ ముందు పోలరైజర్ (తళుకు తగ్గించే ఫిల్టర్) బిగిస్తే రిఫ్లెక్షన్లు పోతాయి కదా.

చీకటిగది
పోవు. గాజు, ఎనామిల్, రెసిన్, నీళ్లు, వీటి మీది తళుకుని పోలరైజర్ తగ్గిస్తుంది. అది కూడా ఏటవాలు కోణంలో, నిలువు నుంచి సుమారు 55 డిగ్రీల దగ్గర బాగా. లోహం మీద నుంచి తిరిగొచ్చే వెలుగు అలా పోలరైజ్ అవదు, కాబట్టి ఫిల్టర్‌ని ఎంత తిప్పినా వెండిలో ఏమీ మారదు. లైటు ముందు కూడా పోలరైజింగ్ ఫిల్మ్ పెట్టి, లెన్స్ మీదిదాన్ని దానికి అడ్డంగా తిప్పితే అప్పుడు లోహం మీది తళుకు ఆగుతుంది. కానీ తళుకు మొత్తం తీసేస్తే వెండికి మిగిలేదేముంది, నల్లటి ఇనుములా కనపడుతుంది. ఎనామిల్ పెండెంట్లకీ రెసిన్‌కీ మాత్రం పోలరైజర్ బాగా పనికొస్తుంది.

కెమెరా ఉన్నవాళ్లకి నాలుగు సంగతులు. ట్రైపాడ్, ఐఎస్‌ఓ 100, లెన్స్ రంధ్రం ఎఫ్/8 నుంచి ఎఫ్/11 (అంకె పెరిగితే రంధ్రం చిన్నది), 2 సెకన్ల టైమర్. అంతా ఫోకస్‌లో రావాలని ఎఫ్/22 పెట్టేస్తారు, అప్పుడు డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల మొత్తం ఫొటోయే మెత్తబడుతుంది. నిజ సైజులో మాక్రో తీసేటప్పుడు ఎఫ్/11 అని పెట్టినా లెన్స్ ఎఫ్/22లాగే ప్రవర్తిస్తుంది. ఆ దూరంలో ఫోకస్ లోతు మిల్లీమీటరు చుట్టుపక్కలే. ఉంగరం ముందు నుంచి వెనక దాకా పదును కావాలంటే స్టాకింగ్ ఒక్కటే దారి. ఎక్స్‌పోజర్ మాన్యువల్, ఫోకస్ మాన్యువల్, ముందు అంచు నుంచి వెనక్కి కొంచెం కొంచెంగా జరుపుతూ ఒక వరస ఫొటోలు తీసి సాఫ్ట్‌వేర్‌లో కలపాలి. ఒక అడుగు పెద్దదైతే మధ్యలో మసక పట్టీ మిగిలిపోతుంది, అదెలాగూ బాగుపడదు. అమ్మకానికి పెట్టే ప్రతి ఫొటోకీ ఇది అక్కర్లేదు. మొదటి ఫొటోకి చాలు.

ఎల్‌ఈడీ కింద ఫొటోలో అడ్డచారలు పడుతుంటే షట్టర్ స్పీడ్ మార్చండి. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120.

గాజుపూస
నగ కంటే దాని చుట్టూ కట్టిన అట్టలు ఎక్కువ బరువు తూగేలా ఉన్నాయి.

మైనంముద్ద
అసలు ఉంగరం నిలబడకపోతే ఇవన్నీ ఎందుకు. గుండుసూది తలంత మెత్తటి మైనం చాలు, మ్యూజియం వ్యాక్స్ అని దొరుకుతుంది. వేళ్ల మధ్య నలిపి, ఉంగరం అడుగున పెట్టి నొక్కి, తిప్పుతూ దించండి. కెమెరా వైపు బయటికి వచ్చిన మైనాన్ని పుల్లతో గీకేయండి. బ్లూటాక్ (జిగురు ముద్ద) కూడా నిలబెడుతుంది, కానీ నీలం రంగు వెండి అడుగున ప్రతిబింబిస్తుంది. తెల్లది వాడాలి. తీగ మెలికల మధ్యకి దూరితే దాన్ని తీయడం నరకం, తీగమెలిక గారు మరీ జాగ్రత్త.

టర్కాయిస్, ఓపల్, ముత్యం, వీటికి మైనం గానీ బ్లూటాక్ గానీ అస్సలు తగలనివ్వకండి. నూనె పీల్చుకుని మచ్చ పడుతుంది.

లోలాకులకి సన్నటి చేపల గాలం దారం. పైన అడ్డకర్రకి కట్టి వేలాడదీయండి, ఊగడం ఆగేదాకా ఓపిక పట్టండి, ఎడిటింగ్‌లో దారం చెరిపేయండి. జత అయితే రెండు కొక్కేలూ ఒకే ఎత్తులో, రెండూ ఒకే వైపు తిరిగి ఉండాలి. కొనేవాళ్లు తేడా చెప్పలేరు గానీ ఏదో వంకరగా ఉందని జారుకుంటారు.

తీసే ముందు మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, బ్లోయర్‌తో ఊది, ఆ తర్వాత నూలు గ్లౌజులతోనో పట్టకారుతోనో పట్టుకోండి. వేలి ముద్ర స్క్రీన్ మీద పెద్దది చేసి చూసినప్పుడు ఊరంత ఉంటుంది.

నీలిమేఘం
నీడ పోవాలంటే గాజు పలక మీద పెట్టి తీస్తే? కింద 15–20 సెంటీమీటర్ల దూరంలో కాగితం పెట్టి.

మైనంముద్ద
పెట్టొచ్చు. నీడ కింద కాగితం మీద పక్కకి పడి ఫ్రేములోంచి వెళ్లిపోతుంది. కాకపోతే గాజు పై తలం ఒకసారి, కింది తలం ఒకసారి నగని చూపిస్తాయి, కొంచెం ఏటవాలుగా తీస్తే రెండు ప్రతిబింబాలు ఒకదాని పక్కన ఒకటి దెయ్యాల్లా వస్తాయి. నిలువుగా పైనుంచి తీసేవాటికే గాజు. ప్రతిబింబం కావాలనుకుంటే నల్ల యాక్రిలిక్ పలక, అందులో ఒక్కటే పడుతుంది. గీతలు పడకుండా దాన్ని పొడిగుడ్డతో రుద్దొద్దు, ఊది, తర్వాత తడిగుడ్డ.

డబ్బాలైటు
పైనుంచి తీసేటప్పుడు గాజులో పైకప్పు కూడా కనపడుతుంది. అది పోవాలంటే పైన నల్ల అట్ట పెట్టాలి, వెండికేమో పైన తెల్ల కాగితం కావాలి. రెండూ కుదరవు. నా లెక్కలో నీడ ఉండటమే మేలు. నీడ లేని నగ గాల్లో తేలుతున్నట్టు, కత్తిరించి అతికించినట్టు ఉంటుంది.

మైనంముద్ద
లోతు లేని పల్చటి పెండెంట్లకి తేలడమే అందం. ఇక్కడ మనిద్దరికీ కుదరదు, వదిలేయండి.

తీగమెలిక
కెమెరాకన్ను గారూ, ట్రేసింగ్ పేపరూ కన్నం అట్టా పెట్టి తీశాను. నల్ల మచ్చలు పోయాయి. కానీ ఇప్పుడు ఉంగరం మొత్తం తెల్లగా, చదునుగా, అంచులు కాగితంలో కలిసిపోయి కనపడుతోంది. పాలిష్ చేయని అల్యూమినియంలా ఉంది.

కెమెరాకన్ను
రావాల్సిందే. ఇప్పుడు నలుపుని మీరే కొలిచి పెట్టాలి. నల్ల అట్టని 1–2 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోయండి. నగకి ఎడమా కుడీ, ఫ్రేము బయటే, వీలైనంత దగ్గరగా నిలబెట్టండి. గుండ్రటి తీగ అంచుల్లో సన్నటి నల్ల గీత పడుతుంది, ఆకారం వెంటనే లేచి వస్తుంది. పట్టీ దగ్గరికి తెస్తే గీత లావు, దూరం పెడితే సన్నం. సుత్తితో కొట్టిన గుంటల నగ అయితే ఒక పక్క తెల్ల బోర్డు తీసేయడమే చాలు, ఒక్కో గుంటలో ఒక వైపు వెలుగు, ఒక వైపు చీకటి పడుతుంది. ఆక్సిడైజ్ చేసిన వెండికి పట్టీలు అక్కర్లేదు, దానికి నలుపు ముందే ఉంది. బంగారు పూత వాటికి నలుపు బదులు ముదురు గోధుమ రంగు అట్ట, తెలుపు బదులు లేత క్రీమ్ అట్ట. తెల్ల బోర్డు పెడితే బంగారం నీరసపడి పాలిపోతుంది.

వెండితీగ
ఈ పట్టీల ముక్క ఒక్కటి చాలు, మిగతా చర్చ చదవకపోయినా.

కొలతబద్ద
ఫొటో బాగా వచ్చినా వెనక్కి పంపే సరుకు ఎక్కువగా ఉండటానికి కారణం సైజు. స్క్రీన్ మీద పెండెంట్ అరచేయంత ఉంటుంది, చేతికొచ్చేసరికి గోరంత. కాబట్టి ఒక్కో నగకి తీయాల్సినవి ఇవి. మొదటిది సాదా బ్యాక్‌గ్రౌండ్, చతురస్రంలో క్రాప్ చేసినా నగ తెగకుండా చుట్టూ ఖాళీ. రెండోది ఒంటి మీద: చెవికో మెడకో వేలికో. మూడోది పక్క నుంచి, మందం తెలిసేలా. నాలుగోది వెనక భాగం, రాయి వెనక తీగ ఎలా ముగించారో చూడకుండా తెలిసినవాళ్లు కొనరు. ఐదోది కొక్కెం లేదా లాక్ దగ్గర్నుంచి. ముద్ర ఉంటే అది. స్కేలు పక్కన ఒకటి.

పక్కన నాణెం పెట్టొద్దు, దేశం మారితే ఆ నాణెం ఎంతుంటుందో ఎవరికి తెలుసు. మిల్లీమీటర్లలో రాయండి. ఉంగరానికి లోపలి వ్యాసం. లోలాకుకి కొక్కెం పైనుంచి చివరి పూస దాకా పొడవు, ఒక్కదాని బరువు. చైన్‌కి పొడవుతో పాటు మెడ మీద ఎక్కడికి వస్తుందో ఫొటో. 40 సెంటీమీటర్లు కంఠం మొదట్లో, 45 కాలరు ఎముకల దగ్గర, 60 గుండెల మీద, మెడ లావుని బట్టి కాస్త అటూ ఇటూ.

రాయి మెరుపు ఫొటోలో చెప్పలేం. 8–10 సెకన్ల వీడియో, లైటు కదలకుండా నగని మెల్లగా తిప్పుతూ.

రాళ్లపిచ్చి
పారదర్శకమైన రాయి ముదురుగా వస్తుంటే దాని వెనక, కెమెరాకి కనపడకుండా, చిన్న వెండి రేకు ముక్కని ఏటవాలుగా పెట్టండి. వెలుగు వెనక నుంచి దూరి రంగు విచ్చుకుంటుంది.

కొలతబద్ద
దీనికి ఒప్పుకోను. ఇంట్లో మెడలో వేసుకున్నప్పుడు రాయి వెనక చర్మం ఉంటుంది గానీ రేకు ఉండదు. ఫొటోలో వైన్ రంగు గార్నెట్, చేతికొచ్చింది నల్ల బొగ్గు. పార్సిల్ తిరిగొస్తుంది.

రాళ్లపిచ్చి
వెనక మూసిన సెట్టింగ్ అయితే రేకు ఎలాగూ పెట్టలేం. తెరిచి ఉన్నదానికి, కిటికీకి ఎత్తి పట్టుకుంటే కంటికి కనపడే రంగు దాకానే రేకు. దాన్ని మించితే మీ మాటే నాదీ. పైగా ఒంటి మీద తీసిన ఫొటో పక్కనే ఉండాలి అన్నారుగా, అది అబద్ధం ఆడదు.

చీకటిగది
ఎడిటింగ్ గురించి ఎవరూ అనలేదు. దుమ్ము చుక్కలు, దారం, మైనం తీసేయండి. సుత్తి గుర్తులు, టంకం గీత, రాయిలో సహజంగా ఉన్న చార, ఇవి నగలో భాగం. చెరిపితే అమ్మేది వేరే నగ. తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌ని 255 (పూర్తి తెలుపు) దాకా లాగొద్దు, 245 చుట్టుపక్కల ఆపితే వెండిలో తెలుపు వేరుగా నిలుస్తుంది. మొత్తం ఫొటోకి శాచురేషన్ (రంగు చిక్కదనం) పెంచితే వెండిలోకి నీలమో పసుపో తొంగిచూస్తుంది, రాయి వరకే బ్రష్‌తో పెంచండి, వెండి వరకు తగ్గించండి. సేవ్ చేసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌లో మామూలుగా వాడే రంగుల పద్ధతి). అడోబ్ ఆర్‌జీబీలో వదిలేస్తే చాలాచోట్ల రంగులు వెలిసిపోయి కనపడతాయి.

బ్యాక్‌గ్రౌండ్ మీద ఎండిన ఆకులు, గవ్వలు, కాఫీ కప్పు ఇవన్నీ వద్దు. ముందు నగ అమ్ముడుపోనీ.

నీలిమేఘం
ఒక్క ఎండుటాకు కూడా వద్దా?

చీకటిగది
ఒక్కటి. అది కూడా మసకలో. మొదటి ఫొటోలో కాదు. పలక రాయి, ముదురు బూడిద కాగితం, ఎండిన కొయ్య ముక్క, ఏదైనా ఒకటి ఎంచుకుని షాపు మొత్తానికీ అదే వాడండి, జాబితాలో పక్కపక్కన పెట్టినప్పుడు ఒకరి చేతి పని అని తెలుస్తుంది. బట్ట వాడితే నేత సన్నగా ఉండాలి, ముతక నేత పక్కన సన్న పని చిన్నబోతుంది.

సంతమనిషి
స్టాల్ సంగతి నేను చెప్తా. అందరూ చేసే పని, టేబుల్ మీద గుడ్డ పరిచి నగలన్నీ పడుకోబెట్టడం. మామూలు టేబుల్ 75 సెంటీమీటర్లు ఉంటుంది, నిలబడ్డ మనిషికి నగలు తొడల దగ్గర ఉంటాయి. నడుస్తూ పోయేవాళ్లు వంగరు. టేబుల్ కాళ్ల కింద దిమ్మెలు పెట్టి 90–100 దాకా లేపండి. గుడ్డ ముందు వైపు నేల దాకా దిగాలి, కింద పెట్టెలు కనపడకూడదు.

దాని మీద మూడు ఎత్తులు. ముందు వరస దాదాపు బల్ల మీదే, ఉంగరాల ట్రేలు ముందుకు వాలుగా, 15–30 డిగ్రీలు. మధ్యలో 15–20 సెంటీమీటర్ల ఎత్తున లోలాకులు. వెనక 30–40లో హారాల బస్ట్‌లు (మెడ, ఛాతీ ఆకారపు స్టాండ్లు). దారిలో పోయేవాణ్ణి ఆపేవి ఆ వెనక బస్ట్‌లే, కాబట్టి అక్కడ మీ దగ్గర ఉన్నవాటిల్లో పెద్దవి రెండు మూడు, అంతే. హారం బస్ట్ మీద జారిపోతుంటే మెడ వెనక టీ ఆకారం పిన్ను గుచ్చి దానికి తగిలించండి. ఆరుబయట స్టాల్ అయితే బస్ట్ అడుగున ఇసుక సంచి, ఒక్క గాలికి వరసంతా పడుతుంది.

లైట్లు లేకుండా వెళ్లకండి. హాలు లైట్లు నడినెత్తి మీద ఉంటాయి, కొనేవాడి తల నీడ సరిగ్గా నగ మీద పడుతుంది. టేబుల్ రెండు మూలలకి క్లాంప్ స్తంభాలు, నగలకి 60–80 సెంటీమీటర్ల పైన, లోపలికి వాల్చి. మీ వెనక నుంచి వేస్తే వాళ్ల కళ్లలోకి కొడుతుంది. వెండికి 4000–5000 కెల్విన్, బంగారు పూతకీ రాగికీ 2700–3000. రెండూ ఒకే టేబుల్ మీద ఉంటే రెండు దిక్కులకి విడగొట్టండి. ఒకే దీపం కింద కలిపితే ఏదో ఒకటి చెడుతుంది.

అద్దం ముఖం ఎత్తులో, వంచేది. చేతి అద్దం ఇస్తే ఒక చేత్తో అద్దం, ఒక చేత్తో సంచీ, ఇక లోలాకు ఎవరు పెట్టుకుంటారు. ధర ప్రతి నగ మీదా రాసి ఉండాలి. అడగడానికి మొహమాటపడేవాళ్లు అడగరు, వెళ్లిపోతారు. ట్రేలో గళ్లన్నీ నింపి ఉంచండి, ఒక ఉంగరం మాయమైతే ఖాళీ గడి మిమ్మల్ని పిలుస్తుంది.

గాజుపూస
ఖాళీ గడి పిలిచేలోగా ఉంగరం హాలు దాటేస్తుంది. ఖరీదైనవి మీ వైపు వరసలో పెట్టండి.

వెండితీగ
ట్రే లోపల పరిచే గుడ్డ ఏదైతే బాగుంటుంది? నల్ల వెల్వెట్ మీద వెండి లేచి కనపడుతుంది గానీ నూలుపోగులన్నీ దాని మీదే.

పుటంపెట్టె
నూలుపోగులు రోలర్‌తో పోతాయి. అసలు భయం వేరే. వెండి నల్లబడేది గాలిలోని గంధకం వాయువుల వల్ల. ఉన్ని, ఉన్ని ఫెల్ట్, రబ్బరు, కొన్ని రంగు అట్టలు, కొన్ని జిగుర్లు ఇవన్నీ గంధకం వదులుతాయి. అందమైన ఉన్ని ఫెల్ట్ ట్రేలో మూత పెట్టి దాచిన వెండి, బయట వదిలేసినదానికంటే ముందు నల్లబడుతుంది. నూలు, లినెన్, పాలిస్టర్ మెరుగు. లినెన్‌కి తీగ కొసలు పట్టుకుంటాయి, కొసలు గుండ్రంగా అరగదీయండి. అనుమానం ఉన్న గుడ్డ ముక్కనీ, బాగా తుడిచిన వెండి రేకునీ గాజు సీసాలో మూత బిగించి కొన్నాళ్లు వదిలేయండి, పక్కన గుడ్డ లేని సీసా ఇంకోటి. తేడా కంటికే కనపడుతుంది.

ముత్యం, గవ్వ, పగడం ఉన్నవాటికి ఇంకో శత్రువు: ఎండీఎఫ్, ప్లైవుడ్ పెట్టెలు. వాటిలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి పైపొరని తినేస్తుంది. ప్రదర్శన రోజు పెడితే ఏం కాదు, నెలల తరబడి మూసి ఉంచితేనే. వెండిని గాలి చొరని జిప్ సంచిలో యాంటీ టార్నిష్ పట్టీతో దాచండి. ముత్యాలని మాత్రం అలా బిగించేయొద్దు, మెత్తటి గుడ్డ సంచి చాలు.

రాళ్లపిచ్చి
ఆరుబయట స్టాల్ అంటే ఎండ కూడా. అమెథిస్ట్, రోజ్ క్వార్ట్జ్, కుంజైట్ ఎండకి రంగు కోల్పోతాయి, రంగు వేసిన హౌలైట్ సంగతి చెప్పక్కర్లేదు. ఓపల్ వేడికి పగుళ్లిస్తుంది, హాలోజెన్ దీపం కింద దాన్ని పెట్టనే పెట్టొద్దు.

తీగమెలిక
లోలాకుల కార్డులు ఎంత మందం? నావి వంగిపోతున్నాయి.

కొలతబద్ద
300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కంటే తక్కువ వద్దు, బరువైనవాటికి రెండు కలిపి అతికించండి. కన్నం 1 మిల్లీమీటరు, పై అంచు నుంచి కనీసం 10 మిల్లీమీటర్లు కిందికి, లేకపోతే చిరిగి ఊడిపోతుంది. కార్డు వెడల్పు రెండు లోలాకులు ఒకదానికొకటి తగలనంత. వెనక ధర, లోహం, కొలత.

వెండితీగ
కార్డులని కట్టలుగా చేసి రబ్బరు బ్యాండు వేసి పెట్టెలో పెట్టొచ్చా?

పుటంపెట్టె
ఇప్పుడేగా రబ్బరు అన్నాను! బ్యాండు ఆనిన చోట వెండి మీద నల్లటి గీత పడుతుంది. నూలు దారం కట్టండి. కార్డుకీ కార్డుకీ మధ్య టిష్యూ కాగితం, ఆమ్లం లేనిదని రాసి ఉన్నది.